సెర్చ్‌లో పైన వచ్చిన రివ్యూను ఎంతవరకు నమ్మొచ్చు? తేల్చుకోవడం ఇలా

ఏసీ, వాటర్ ప్యూరిఫైయర్, మిక్సీ, పిల్లలకి ల్యాప్‌టాప్... ఏది కొనాలన్నా ముందు ఫోన్ తీసి "బెస్ట్" అని కొడతాం. నాలుగైదు పేజీలు చదివేసరికి అన్నిట్లో అవే మోడళ్లు, అవే మాటలు, కింద అదే "బై నౌ" బటన్. వీళ్లలో ఒక్కరైనా ఆ వస్తువును ప్లగ్‌లో పెట్టి చూశారా అని అనుమానం వస్తుంది. దాన్ని పది పదిహేను నిమిషాల్లో తీర్చుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు ఎయిర్ ప్యూరిఫైయర్ తీసుకుంటున్నాను, ఎందుకంటే ఈ గొడవ అంతా బాగా బయటపడింది ఆ వస్తువు దగ్గరే.

1. ఆ పేజీ పైకి ఎలా వచ్చిందో ముందు తెలుసుకోండి

సెర్చ్ ఇంజిన్ వస్తువును చూడదు, పేజీని చూస్తుంది. మనం కొట్టిన మాటలు శీర్షికలో ఉన్నాయా, వేరే సైట్లు దానికి లింకులు ఇచ్చాయా, పేరున్న సంస్థదా, ఈమధ్య మార్చారా, ఇలాంటివన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఆ లెక్కలకు తగ్గట్టు పేజీని తీర్చిదిద్దడాన్నే ఎస్ఈఓ అంటున్నాం. అందులో తప్పేమీ లేదు. నిజాయితీగా రివ్యూ రాసేవాళ్లకు కూడా అది తప్పదు.

చిక్కు ఖర్చు దగ్గర వస్తుంది. పది యంత్రాలు సొంత డబ్బుతో కొని, వారాల తరబడి నడిపి, కొలిచి రాసిన పేజీ ఒకటి. కంపెనీ సైటులోని వివరాలు అటూ ఇటూ మార్చి ఒక మధ్యాహ్నంలో రాసిన పేజీ ఇంకొకటి. సెర్చ్‌లో రెండూ ఒకే పోటీలో ఉంటాయి. మొదటి రకం ఒకటి పూర్తయ్యేలోపు రెండో రకం వంద వస్తాయి. వాటి వెనక పెద్ద పత్రిక పేరు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది.

హౌస్‌ఫ్రెష్ అనే చిన్న సైటు కథ ఇదే. ఎయిర్ ప్యూరిఫైయర్లు కొని, మూసిన గదిలో అగరుబత్తి వెలిగించి, ఆ పొగ కణాలు పోవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి రాస్తారు వాళ్లు. 2024 ఫిబ్రవరిలో వాళ్లొక పెద్ద వ్యాసం రాశారు. పేరున్న పత్రికలు పరీక్షల ఆనవాళ్లే లేకుండా "బెస్ట్ ఎయిర్ ప్యూరిఫైయర్స్" జాబితాలు వేసి సెర్చ్‌లో తమను కిందికి తోసేస్తున్నాయని పేర్లతో సహా చూపించారు. అదే ఏడాది మేలో ఇంకో వ్యాసం రాసి తమ లెక్క చెప్పారు. 2023 అక్టోబరులో గూగుల్ నుంచి రోజుకు 4,000 మంది వచ్చేవారట, అది 200కు పడిపోయిందట.

వీళ్ల ఒక్కరి మాటే కాదు. జర్మనీలో లైప్‌జిగ్, వైమార్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 7,392 రివ్యూ ప్రశ్నలను ఏడాది పాటు గూగుల్, బింగ్, డక్‌డక్‌గో అనే మూడు సెర్చ్ ఇంజిన్లలో వెతికి చూసి 2024లో ఫలితాలు ప్రకటించారు. పైన వచ్చే పేజీలు సగటున ఎక్కువ ఎస్ఈఓ చేసినవీ, ఎక్కువ కమీషన్ లింకులున్నవీ (నొక్కి కొంటే పేజీవాళ్లకు వాటా వెళ్లే లింకులు), రాత నాణ్యత తక్కువగా ఉన్నవీ అని తేలింది. మొత్తం వెబ్‌లో ఉన్న రివ్యూ పేజీల్లో కమీషన్ లింకులు వాడేవి కొద్ది భాగమేనట. సెర్చ్‌లో మన కళ్లకు కనిపించేవాటిలో మాత్రం ఎక్కువ భాగం అవే.

ఈ పరిస్థితిలో నిజంగా పరీక్షించే సైటు ముందు మూడు దారులుంటాయి. చిన్నదిగా మిగిలిపోవడం, అమ్ముడుపోవడం, లేదా తనూ జాబితాలు వేయడం మొదలుపెట్టడం. మూడోది మనకు కనపడకుండా జరుగుతుంది. నిన్నటిదాకా నమ్మిన సైటే మెల్లగా పలచబడిపోతుంది. అందుకే సైటు పేరు చూసి నమ్మడం కాకుండా, మీ ముందున్న ఆ ఒక్క పేజీని చూసి తేల్చుకోవాలి.

2. "బెస్ట్" అని వెతకడం మానేయండి

"బెస్ట్", "టాప్ 10", సంవత్సరం. ఈ మూడూ కలిపి కొట్టారంటే కమీషన్ పేజీలను మీరే పిలిచినట్టు. వాళ్లు శీర్షికలు పెట్టేదే ఆ మాటల కోసం. బదులుగా, కొలిచినవాళ్లు మాత్రమే రాయగలిగిన మాట కొట్టండి. ఎయిర్ ప్యూరిఫైయర్ అయితే మోడల్ పేరు పక్కన "స్లీప్ మోడ్ డెసిబెల్స్" లేదా "ఫిల్టర్ రీప్లేస్‌మెంట్ కాస్ట్". మిక్సీ అయితే "మోటర్ హీట్", "జార్ లీక్". ఫ్రిజ్ అయితే "కంప్రెసర్ ప్రాబ్లమ్", "గ్యాస్ లీక్". ఇవి ఇంగ్లిష్‌లో కొడితే ఫలితాలు ఎక్కువ వస్తాయి.

ఇంకో రెండు చిట్కాలు. మోడల్ నంబరును డబుల్ కోట్స్‌లో పెడితే సరిగ్గా ఆ మోడల్ గురించిన పేజీలే ముందుకు వస్తాయి. ఫలితాల పేజీ పైన ట్యాబుల్లో, లేదా "మోర్" కింద, "వెబ్" అని ఉంటుంది. 2024 మేలో గూగుల్ పెట్టిన ఫిల్టర్ అది. నొక్కితే ఏఐ సారాంశాలు, షాపింగ్ పెట్టెలు పోయి మామూలు లింకులు మిగులుతాయి. అక్కడినుంచి రెండో పేజీ, మూడో పేజీ కూడా చూడండి. అక్కడిదాకా ఎవరూ వెళ్లరు కానీ, ఈ మధ్యకాలంలో మంచి రివ్యూలు తరచూ అక్కడే పడి ఉంటున్నాయి.

3. పేజీలో పరీక్ష ఆనవాళ్లు వెతకండి

అసలు పని ఇక్కడే, తొందరపడకండి. సరదా ఏమిటంటే ఏం చూడాలో గూగులే చెప్పింది. 2021 ఏప్రిల్‌లో రివ్యూల కోసం ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ తెస్తూ రాసేవాళ్లకు కొన్ని ప్రశ్నలు ఇచ్చింది. వస్తువు పనితీరును అంకెల్లో చూపించారా, కంపెనీ చెప్పినదానికి మించి ఏమైనా చెప్పారా, పోటీ వస్తువుతో తేడా వివరించారా అని. ఆ ఏడాది డిసెంబరులో, వాడినట్టు ఫొటోలు గానీ ఆడియో గానీ సాక్ష్యంగా ఉండాలని కూడా చేర్చింది. ఆ పరీక్షలో తప్పినవి కూడా చాలా పైనే ఉంటున్నాయి. కాబట్టి ఆ ప్రశ్నలు మనమే వేసుకోవాలి.

ముందు ఫొటోలు. తెల్లని వెనకభాగం, నీడ లేని వస్తువు, లేదా విదేశీ డ్రాయింగ్ రూములో నవ్వుతున్న కుటుంబం కనిపిస్తే అది కంపెనీ ఫొటో. అనుమానంగా ఉంటే ఫొటో మీద నొక్కి పట్టి గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే ఫొటో ఇరవై చోట్ల కనపడితే విషయం అర్థమైనట్టే. నిజంగా వాడినవాళ్ల ఫొటోలు అంత అందంగా ఉండవు. వైరు అడ్డంగా పడి ఉంటుంది, మూత విప్పి ఉంటుంది, ఫిల్టర్ మీద దుమ్ము కనిపిస్తుంది.

తర్వాత అంకెలు. అంకె ఉండటం చాలదు, అది ఎక్కడిదో చూడాలి. ప్యూరిఫైయర్ ఎంత వేగంగా గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే అంకె సీఏడీఆర్. డబ్బా మీద "సీఏడీఆర్ 300" అని ఉందనుకోండి, అది గంటకు 300 ఘనపు మీటర్లు, అదీ ఫ్యాన్ పూర్తి వేగంలో. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తు ఉన్న గదిలో సుమారు 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదుసార్లు శుభ్రం కావాలంటే 200కు కాస్త పైన కావాలి. 300 అంటే బోలెడు అనిపిస్తుంది. కానీ పూర్తి వేగంలో ఆ చప్పుడుకు ఎవరూ పడుకోలేరు. రాత్రి నిద్రపట్టే వేగంలో పెడితే ఆ 300 ఎంతకు పడిపోతుంది? కొలిచినవాళ్లు దీనికి జవాబు రాస్తారు. కొలవనివాళ్ల పేజీలో ఈ ప్రశ్నే ఉండదు, డబ్బా మీది 300 మాత్రం మూడుచోట్ల ఉంటుంది. ఏ వస్తువుకైనా ఇలాంటి ప్రశ్న ఒకటి మీరే తయారుచేసుకోండి. కంపెనీ చెప్పని అంకె ఏది, అది ఈ పేజీలో ఉందా?

మూడోది నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది: ఓడిపోయిన వస్తువు ఉందా? జాబితాలో పది మోడళ్లుంటాయి. ఒకటి "చిన్న గదికి బెస్ట్", ఒకటి "పెంపుడు జంతువులున్న ఇంటికి బెస్ట్", ఇంకోటి "బడ్జెట్‌లో బెస్ట్". పెళ్లిళ్ల పేరయ్య చెప్పే సంబంధాల్లాగా ఒక్కదానికీ వంక ఉండదు. ఇలా రాయడానికి కారణముంది. ఆ ఉపశీర్షికల్లో ప్రతిదీ ఎవరో ఒకరు సెర్చ్‌లో కొట్టే మాట. ఎన్ని "బెస్ట్‌లు" ఉంటే అన్ని వలలు వేసినట్టు. నిజంగా పరీక్షించినవాళ్లకు మాత్రం కొన్ని వస్తువులు నచ్చవు, వాటి పేర్లు చెప్పి, ఎందుకు వద్దో రాస్తారు. మాలిక్యూల్ అనే ఖరీదైన ప్యూరిఫైయర్ విషయం చూడండి. 2019లో అమెరికాలో వస్తువులు పరీక్షించే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ, వైర్‌కట్టర్ సైటు రెండూ పరీక్షించి పనితీరు బాగాలేదని తేల్చాయి. తాము పరీక్షించినవాటిలో ఇదే అన్నిటికంటే అధ్వానమని వైర్‌కట్టర్ రాసింది. 2023లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అయినా చాలా జాబితాల్లో అది సిఫార్సుగా ఉందని హౌస్‌ఫ్రెష్ ఎత్తిచూపింది.

నాలుగోది తేదీ. శీర్షికలో కొత్త సంవత్సరం, లోపల పాత మోడళ్లు ఉంటే అక్కడ మారింది సంవత్సరం ఒక్కటే. నిర్ధారించుకోవాలంటే ఆ పేజీ చిరునామాను వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్ పేజీల పాత ప్రతులు దాచే సైటు) పెట్టి ఏడాది కిందటి ప్రతి తెరవండి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏం మార్చారో తెలిసిపోతుంది.

రాసినవాళ్ల పేరు కూడా ఒకసారి వెతకండి, కానీ దాని మీద మరీ ఆధారపడకండి. 2023 నవంబరులో అమెరికా క్రీడా పత్రిక స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ సైటులో వస్తువుల రివ్యూలు రాసిన కొందరు "రచయితలు" అసలు లేనే లేరనీ, వాళ్ల ముఖాలు ఏఐ ముఖాలు అమ్మే చోట దొరికేవనీ ఫ్యూచరిజం అనే వార్తా సైటు బయటపెట్టింది. ఆ రివ్యూలు బయటి కంపెనీ ఇచ్చినవని పత్రిక యాజమాన్యం చెప్పింది. పెద్ద పేరు కింద బయటివాళ్లు రాసే ఇలాంటి పేజీల మీద గూగుల్ 2024 మార్చిలో ఒక నియమం ప్రకటించి, మే నుంచి అమలు చేసి, నవంబరులో మరింత బిగించింది.

4. డబ్బు ఎటునుంచి వస్తుందో చూడండి

"బై నౌ" మీద కర్సర్ పెడితే, ఫోన్‌లో అయితే నొక్కి పట్టుకుంటే, లింకు పూర్తిగా కనిపిస్తుంది. అమెజాన్ లింకులో "ట్యాగ్" అన్న మాట, దాని పక్కన ఏదో పేరు ఉంటే మీరు కొన్నదానిలో వాళ్లకు కమీషన్ వెళ్తుంది. మీకు ధర పెరగదు.

కమీషన్ కనపడగానే పేజీ మూసేయమని నేను చెప్పను. వైర్‌కట్టర్ 2011 నుంచి ఈ కమీషన్ మీదే నిలబడింది, 2016లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొన్నది. హౌస్‌ఫ్రెష్ కూడా కమీషన్ తీసుకునేదే. కమీషన్ లేకపోతే చిన్న సైటు యంత్రాలు కొనడానికి డబ్బు ఎక్కడినుంచి తెస్తుంది? మీరు చూడాల్సింది ఇది: కమీషన్ రాని వస్తువును ఎప్పుడైనా మెచ్చుకున్నారా? "ఇప్పుడు కొనకండి, పాతదే చాలు" అని ఎక్కడైనా అన్నారా? జాబితాలోవన్నీ ఒకే దుకాణంలో దొరికేవేనా? మన ఊరి డీలరు దగ్గర మాత్రమే దొరికే మంచి మిక్సీ చాలా జాబితాల్లో ఎందుకు ఉండదో ఈ చివరి ప్రశ్నతో తెలుస్తుంది.

పరీక్షకు వస్తువు ఎక్కడిదన్నది కూడా అడగాలి. కన్స్యూమర్ రిపోర్ట్స్ 1936 నుంచి ఉంది, ప్రకటనలు తీసుకోదు, వస్తువులను దుకాణంలో కొని పరీక్షిస్తుంది. బ్రిటన్‌లో విచ్, జర్మనీలో స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్ ఇలాంటివే. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లకు స్థానిక గ్రంథాలయ కార్డుతో వీటిలో కొన్ని ఉచితంగా దొరకొచ్చు, ఒకసారి అడగండి. మన దేశంలో ఢిల్లీలోని కన్స్యూమర్ వాయిస్ పోలిక పరీక్షలు చేస్తుంది. కంపెనీ పంపిన వస్తువైతే ఆ మాట రివ్యూలో ఉండాలి. ఉచితంగా అందుకున్న వస్తువు గురించి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అంటున్నాయి.

5. పాత పేరును గుడ్డిగా నమ్మకండి

పాత సైటు పేరుకు సెర్చ్‌లో విలువ ఉంటుంది కాబట్టి ఆ పేరును కొనేవాళ్లు ఉంటారు. ఆపిల్ వస్తువుల గురించి రాసే ట్వా (TUAW) అనే సైటు 2015లో మూతపడింది. 2024లో ఎవరో ఆ పేరు కొని, పాత రచయితల పేర్ల కింద ఏఐ రాతలు పెట్టారు. ఆ రచయితలే బయటికొచ్చి ఇవి మావి కావని చెప్పుకోవాల్సి వచ్చింది. మీరు కొన్నేళ్ల కిందట బుక్‌మార్క్ చేసుకున్న సైటు తెరిచినప్పుడు "అబౌట్" పేజీ ఒకసారి చూడండి. యజమాని మారితే వెంటనే చెడిపోతుందని కాదు. కెమెరాల సైటు డీపీరివ్యూను అమెజాన్ 2007లో కొని, 2023లో మూసేస్తానని ప్రకటించింది. తర్వాత గేర్ పెట్రోల్ అనే సంస్థ తీసుకుంది, సైటు బతికింది.

6. వెబ్‌కు బయట ఒక సాక్ష్యం తెచ్చుకోండి

ఏసీ, ఫ్రిజ్ వంటివాటికి కరెంటు ఎంత ఆదా చేస్తాయో చెప్పే బీఈఈ స్టార్ లేబుల్ ఉంటుంది. స్టార్లతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో దానిమీదే అచ్చయి ఉంటుంది. దాన్ని మీ యూనిట్ ధరతో గుణించుకోండి. స్టార్ల ప్రమాణం అప్పుడప్పుడూ బిగిస్తుంటారు, కాబట్టి లేబుల్ మీది కాలపరిమితి కూడా చూడండి. పాత ఐదు స్టార్లు, కొత్త ఐదు స్టార్లు ఒకటి కావు.

సర్వీసు మన దగ్గర ఎలా ఉందో ఏ జాబితా చెప్పదు. కొనేముందే ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి, టెక్నీషియన్ ఎక్కడినుంచి వస్తాడో, ఫిల్టరో జారో విడిగా ఎంతకు దొరుకుతుందో అడగండి. ఊళ్లో రిపేరు చేసే మనిషి మీకు తెలిస్తే ఇంకా మంచిది. ఆయన దగ్గరికి ఏ కంపెనీవి ఎక్కువ వస్తున్నాయో, వేటికి స్పేర్లు దొరకడం లేదో ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడు.

షాపింగ్ సైటులోని కొనుగోలుదారుల రివ్యూల్లో మూడు స్టార్లవి, కొత్తవి ముందు చదవండి. మెచ్చుకుంటూనే లోపం చెప్పేది ఎక్కువగా వాళ్లే. మిక్సీ కింద గొడుగు గురించిన రివ్యూ కనిపిస్తే నవ్వి వదిలేయకండి. పాత వస్తువు రివ్యూలను కొత్తదానికి అంటగట్టారన్నమాట. ఇలా చేసినందుకు 2023లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ విటమిన్ల కంపెనీ బౌంటిఫుల్ చేత 6 లక్షల డాలర్లు కట్టించింది.

7. తెలుగు పేజీలు, వీడియోలు, ఏఐ జవాబులు

తెలుగు రాతల్లో రివ్యూలు తక్కువ. ఉన్నవాటిలో చాలా ఇంగ్లిష్ జాబితాలకు యంత్రం చేసిన అనువాదాలు. "ఈ ఆర్టికల్‌లో మనం పూర్తిగా తెలుసుకుందాం" అని మొదలై, "ఫ్రిజ్ అంటే ఏమిటి?" అని ఉపశీర్షిక వస్తే, అది ఫ్రిజ్ అంటే తెలియనివాళ్ల కోసం రాసింది కాదు, సెర్చ్ కోసం రాసింది.

మన భాషలో నిజమైన పరీక్షలు ఎక్కువగా వీడియోల్లో ఉన్నాయి. మిక్సీలో ఇడ్లీ పిండి, పచ్చడి వేసి చూపించేవాళ్లున్నారు. ఆ మాటకొస్తే మన వంటకు అదే అసలు పరీక్ష, విదేశీ సైట్లలో స్మూతీలే ఉంటాయి. వీడియో మొదట్లో పెయిడ్ ప్రమోషన్ అన్న లేబుల్ వచ్చిందేమో, వివరణలో లింకులన్నీ ఒకే కంపెనీవేమో చూసుకోండి. డబ్బా విప్పిన రోజే "సూపర్" అన్న వీడియో కంటే, ఆరు నెలల తర్వాత తీసింది వెతకండి.

ఏఐ ఇచ్చే జవాబుకు వేరే పద్ధతి అక్కర్లేదు. అది వెబ్ మీద వెతికి ఇచ్చిన జవాబైతే పక్కనే లింకులుంటాయి. అవి తెరిచి మూడో మెట్టులో చెప్పినవన్నీ అక్కడ చూడండి. తరచూ అవే జాబితాలు ఇక్కడ మర్యాదగా తిరిగి వినిపిస్తుంటాయి.

8. మంచి సైటు దొరికితే వదలకండి, కొన్నాక మీరూ కొలవండి

బుక్‌మార్క్ చేసుకోండి, న్యూస్‌లెటర్ ఉంటే చేరండి, తర్వాతిసారి సెర్చ్ మీదుగా కాకుండా నేరుగా వెళ్లండి. కొనాలని నిర్ణయించుకున్నాక వాళ్ల లింకు ద్వారానే కొంటే వాళ్ల తర్వాతి పరీక్షకు డబ్బు వస్తుంది.

వస్తువు ఇంటికొచ్చాక రిటర్న్ గడువు ఎంతో, డబ్బు తిరిగి ఇస్తారో లేక రీప్లేస్‌మెంట్ మాత్రమేనో ముందే చూసుకుని, ఆ రోజుల్లోనే గట్టిగా వాడండి. ప్యూరిఫైయర్ అయితే తలుపులు మూసి అగరుబత్తి వెలిగించి, పీఎం 2.5 (గాలిలోని సన్నని కణాల) అంకె ఎంతసేపట్లో దిగుతుందో సమయం రాసుకోండి. యంత్రం మీది సెన్సర్ కంటే విడి మీటరుంటే నయం, స్నేహితుల దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి. తర్వాత కొన్నచోటే రివ్యూ పెట్టండి: గది కొలత, ఏ వేగంలో నడిపారు, ఎంతసేపు పట్టింది, ఎన్ని నెలలు వాడారు, ఏం నచ్చలేదు. ఫొటోలో వైరు అడ్డంగా పడి ఉన్నా ఫర్వాలేదు.